దాలమ్మ చిటికెడు పంచదార

పొద్దు పొడవకముందే దాలమ్మ మందుడబ్బా వీపున వేసుకుని వరిచేలో దిగుతుంది. డబ్బాలో మందుండదు, నీళ్లలో చిటికెడు పంచదార ఉంటుంది. అగ్గితెగులు రాకముందే కొడితే పైరుకి దాన్ని తట్టుకునే సత్తువ వస్తుందని మూడేళ్ల కిందట ఊరికొచ్చిన వ్యవసాయాధికారి చెప్పాడు. అందరూ నవ్వారు. దాలమ్మ నవ్వలేదు, ఆమె దేనికీ నవ్వదు. కలిపిన నీళ్లలో వేలు ముంచి నాకుతుంది. తీపి తగిలితే మొత్తం పారబోసి మళ్లీ కలుపుతుంది. పక్క చేను మరిది జగన్నాధానిది. ఆమె మొగుడు చనిపోయిన ఏడాదే గట్టును జానెడు ఇటు జరిపిన మనిషి. ఆ గట్టు దాకా రాగానే పంపు మీట వదిలేస్తుంది. అతని పైరు మీద చుక్క కూడా పడనివ్వదు.

ఆ ఉదయం జగన్నాధం గట్టెక్కి అరిచాడు. "వదినా, నిన్ను సూసి బెల్లం అచ్చు కరగేసి కొట్టాను. సేనంతా సీమలే! అగ్గితెగులు మచ్చలు ఆగనేదు!"

దాలమ్మ అప్పుడే నింపిన డబ్బా దించి, మూత తీసింది. "నాకి సూడు."

అతను వేలు ముంచి నాకాడు. "ఏటీ తెలీనేదే?"

"తెలీకూడదు. నువ్వు పరమాన్నం వొండినావు."

"మరిప్పుడేటి సెయ్యమంతావు?"

అతని ఆకుల మీద నూలుకండె ఆకారపు మచ్చలు ఆమెకి ఇక్కణ్నుంచే కనబడుతున్నాయి. "మచ్చ రాకముందు కొట్టాల్రా. మూడేళ్లు నవ్వినావు కదా, ఇంకా నవ్వు."

డబ్బా ఎత్తుకుని చేను ఆ కొస దాకా వెళ్లి, పైరు తడుపుకుంటూ తిరిగొచ్చింది. మరిది ఇంకా అక్కడే చేతులు వేలాడేసుకుని నిలబడి ఉన్నాడు. గట్టు దగ్గరికి రాగానే, ఎప్పటిలాగే, మీట వదిలేసింది.