రహీమా ఆఫీసులో మూడు ట్రేలు

తొంభైల మధ్యలో సంగతి. ఉదయం ఆరున్నరకు నల్లగొండ బస్టాండులో మహబూబ్‌నగర్ బస్సెక్కాను. దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా దారి. దుకాణాలకు బిల్లుల కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే మా కంపెనీకి అక్కడ ఇంకో ఆఫీసు ఉంది. దాన్ని నడిపే రహీమా నా దగ్గర పని నేర్చుకున్న మనిషే. ఆమె పద్ధతి చూసి రమ్మనీ, నేను మారకపోతే నా టీమును కూడా ఆమెకే అప్పగిస్తాననీ యజమాని చెప్పాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

దేవరకొండలో ఇడ్లీ తిని వచ్చేసరికి పక్క సీట్లో యాదయ్య. ఎరువుల దుకాణం ఆయనది, నా పాత గిరాకీ. చేతిలో తప్పులొస్తున్న బిల్లుల ప్రోగ్రాము ఫ్లాపీ. ఎక్కడికని అడిగితే రహీమా దగ్గరికేనన్నాడు.

"మీ తాన పదిహేను రోజులకోపారి ఇస్తరు సార్. వానలు పడ్డయి, దుకాణం నిండ జనమే. గాడ జర కూసుంటే అయిపోతదంట."

నిజమే. మేం పదిహేను రోజుల పని ఒక్కసారే నెత్తికెత్తుకుని, ఆఖరి రోజు అన్నీ కలిపి ఇచ్చేవాళ్లం. మధ్యలో వచ్చినవాళ్లు తర్వాతి విడత దాకా ఆగాల్సిందే. ఆ పద్ధతి పెట్టింది నేనే.

పన్నెండున్నరకు దిగి, రిక్షాలో ఆఫీసు చేరాం. బల్ల మీద మూడు రేకు ట్రేలు, ఒక్కోదాంట్లో ఒక్కో పని. మూడూ నిండితే కొత్తది తీసుకోరు. ఒకటి పూర్తయి గిరాకీ చేతికి వెళ్లాకే ఇంకోటి. చేతిలో పని లేనివాళ్లు ఆగిపోయిన పని దగ్గర కూర్చోవాలి. గడువు రోజంటూ లేదు. ఇంత చిన్న సంగతి నాకెందుకు తోచలేదు?

ట్రేలు నిండి ఉన్నాయని యాదయ్యను ఆగమన్నప్పుడు లోలోపల సంతోషించాను. అంతలో రహీమా నావైపు తిరిగింది.

"సార్, మీరు ఖాళీగనే ఉన్నరు గద. గా బట్టల దుకాణం పని పొద్దుగాల్నుంచి ఆగింది. జర జూస్తరా?"

కాదంటే చిన్నబోతాను. కూర్చున్నాను. కాసేపటికి తప్పు దొరికింది. అమ్మిన ప్రతి సరుకునూ నిల్వలోంచి రెండుసార్లు తీసేస్తోంది ఆ ప్రోగ్రాము. సరిచేశాను. బట్టల దుకాణం మనిషి వచ్చి తీసుకుపోగానే ట్రే ఖాళీ అయింది, యాదయ్య ఫ్లాపీ అందులోకి వెళ్లింది. నా గిరాకీని నా చేతులతోనే ఆమెకు అప్పగించాను. సార్ చెయ్యి పడితే అంతేనని ఆమె మెచ్చుకుంటే ఇంకా మండింది.

యాదయ్య పని కూడా అయ్యాక, సాయంత్రం బస్సులో ఇద్దరం కలిసే తిరుగుముఖం పట్టాం. జడ్చర్లలో యాదయ్య చాయ్ తాగించాడు.

"మీరు గూడ గిట్లనే చేస్తే నాకు గింత దూరం ఎందుకు సార్?"

చేస్తానన్నాను. ఎప్పటినుంచని అడిగాడు. నడుస్తున్న పదిహేను రోజులూ అయిపోనిమ్మన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టి నన్నే చూశాడు.

"రేపట్నుంచే సురు జేస్తం" అన్నాను.

ఆ ఆఫీసు వెళ్లి చూడదగిందే, ఎవరినైనా వెళ్లమనే చెబుతాను. కానీ దేవరకొండలో యాదయ్య దిగిపోయాక కూడా, రహీమా పేరెత్తకుండా ఈ పద్ధతి మా వాళ్లకు ఎలా చెప్పాలా అనే ఆలోచిస్తూ ఉన్నాను.