కాకి ముట్టని ముద్ద

బ్యాటరీ రిక్షాలో ఎదురెదురుగా కూర్చున్నవాళ్ళ మోకాళ్ళు తగలకుండా ఉండాలంటే ఒకరు మఠం వేసుకోవాలి, లేదా దిగిపోవాలి. దీపావళి వెళ్ళాక ఒక ఆదివారం పొద్దున, నోయిడా నుంచి కాళిందీ కుంజ్ పోయే రోడ్డు మీద మా రిక్షా జామ్‌లో ఇరుక్కుంది. బ్రేకు వేసిన ఊపుకి నా మోకాలు వెళ్ళి ఎదుటి పెద్దమనిషి ఒళ్ళో ఉన్న స్టీలు డబ్బాకి కొట్టుకుంది. ఆయన డబ్బాని చంటిపిల్లలా పొట్టకి అదుముకుని, నాతో పరవాలేదన్నట్టు "కోయీ బాత్ నహీఁ" అని, పక్కనున్న పాపతో "అమ్మీ, కాళ్ళు లోపలికెట్టుకో, బళ్ళొస్తన్నాయి" అన్నాడు.

"బొబ్బిలా, పార్వతీపురమా?" అన్నాను.

ఆయన కళ్ళజోడు పైనుంచి చూశాడు. "బొబ్బిలి పక్క పల్లె. మీరు సీఐడీ ఏటండీ?"

"కాదు, పనిలేనివాణ్ణి. యమున మీద నురగ తేలుతోందంటే చూద్దామని బయల్దేరాను."

"నురగ చూడ్డానికి రిక్షా ఎక్కినోణ్ణి మిమ్మల్నే చూశాను మాస్టారూ."

నిజమే. నేను చూసిన ఊళ్ళలో సగం ఇలా చూసినవే. పుస్తకంలో ఎక్కడో ఒక నది పేరు తగులుతుంది, సంచీ భుజాన వేసుకుంటాను. తీరా వెళ్ళాక నది గుర్తుండదు, దారిలో ఎదురైన మనిషి గుర్తుంటాడు. ఈ మనిషి పేరు బసవరాజు. సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో సుబేదారుగా రిటైరయ్యాడు. నడుం ఇప్పటికీ నిట్టనిలువుగా ఉంది. ఆ రిక్షాలో నిటారుగా కూర్చున్నది ఆయనొక్కడే. టోపీ పైకప్పుకి తగులుతున్నా తల వంచడు. పాప ఆయన కూతురి కూతురు నేహా, మూడో తరగతి.

"డబ్బాలో ఏమిటమ్మా?" అన్నాను.

"కవ్వే కే లియే," అంది నా వైపు చూడకుండా.

"కాకులకటండి," అన్నాడు బసవరాజు. "పులిహోర. ఆవపిండి కలిపి నేనే చేశాను. దాని తల్లికి ఇష్టం."

ఇష్టం ఎవరికో, తినవలసింది ఎవరో విన్నాక నాకు విషయం సగం అర్థమైంది. గొంతు తగ్గించి, "ఎప్పుడు జరిగింది?" అని అడిగాను.

"గట్టిగానే మాట్లాడండి," అన్నాడాయన. "దానికి తెలుగంతా తెలుస్తాది. తెలీదనుకునే మేం కొంప ముంచుకున్నాం."

జామ్ కదలలేదు. దిగి నడవడం మొదలుపెట్టాం. పాప డబ్బా పట్టుకుని ముందు, మేమిద్దరం కాస్త వెనక. ఆయన చెప్పింది ఇది.

కూతురు హరిప్రియ వేసవిలో పోయింది. రక్తంలో జబ్బు. అల్లుడు హేమసుందర్ నోయిడాలోనే ఒక ఐటీ కంపెనీలో ఉద్యోగి. పదోరోజు కర్మ యమున ఒడ్డున చేశారు. పిండం పెట్టి దూరంగా నిలబడ్డారు. కాకి రాలేదు. మన వైపు ఆచారం తెలిసిందే కదా, కాకి ముట్టకపోతే పోయినవాళ్ళ మనసులో ఏదో మిగిలిపోయిందంటారు. అయినవాళ్ళు ఒక్కొక్కరే ముందుకొచ్చి మాటిస్తారు. 'నీ పిల్లని నేను చూసుకుంటానమ్మా' అని బసవరాజు మాటిచ్చాడు. 'మళ్ళీ పెళ్ళి మాట ఎత్తను' అని హేమసుందర్ మాటిచ్చాడు. బొబ్బిలి నుంచి వచ్చిన పెద్దమ్మ కూడా ఏదో అంది. తీగ మీద కూర్చున్న కాకి ఎవరి మాటా నమ్మలేదు. చివరికి పంతులుగారు దర్భను కాకిలా ముడిచి దానితో ముట్టించి, పిండాన్ని నీళ్ళలో కలిపించేశారు.

కాకి మనుషుల మొహాలు గుర్తుపెట్టుకుంటుందని చదివాను. కొత్తచోట కొత్తవాళ్ళు గుంపుగా నిలబడి తననే చూస్తుంటే దిగదనీ తెలుసు. ఇదంతా ఆయనకి చెప్పాలనిపించి నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాను. చదివినదాన్నంతా చెప్పే రోగం నాకుంది. అప్పుడప్పుడు తగ్గుతుంది.

"తిరిగొస్తంటే కారులో నేనే అనీసాను," అన్నాడు బసవరాజు. "'తల్లికి ఎవరిమీదో కోపం మిగిలిపోయింది' అని. ఈ గుంట వెనక సీట్లో ఉంది. ఏం మాట్లాడినా హిందీలోనే బదులిస్తాది కదా, మన మాట దీనికేం తెలుస్తాదిలే అనుకున్నాం. ఇంట్లో ఏ రహస్యమైనా దాని ముందే తెలుగులో మాట్లాడీవోళ్ళం."

ఢిల్లీలో నేనెరిగిన తెలుగు ఇళ్ళన్నీ ఇంతే. పిల్లల ముందు తెలుగు తలుపు వేసుకున్నామనుకుంటారు. ఆ తలుపుకి గొళ్ళెం లేదని పిల్లలకి తెలుసు, పెద్దలకి తెలీదు.

అప్పటినుంచి నేహా బడికి పట్టుకెళ్ళిన టిఫిన్ తినడం లేదు. మైదానం గోడ మీద కాకులకి పెట్టేస్తోంది. పిల్ల చిక్కిపోయిందని టీచరు పిలిచి చెప్పేదాకా ఇంట్లో ఎవరికీ తెలీదు. అడిగితే ఒక్కటే మాట: మమ్మీకి నా మీదే కోపం. ఎందుకంటే చెప్పదు. నిన్న రాత్రి అన్నం ముందు కూర్చుని, యమున దగ్గరికి తీసుకెళ్ళమంది, అక్కడ కాకి తింటే తనూ తింటానంది.

"తినకపోతే?" అన్నాను.

ఆయన నడక ఆగింది. "అదే మాస్టారూ. కాకొస్తే తల్లి కోపమన్న ఆ అబద్ధం నిజమైపోతాది, రాకపోతే పిల్ల ఏమైపోతాదో. సర్వీసులో రెండు ఇళ్ళకి చావు కబురు మోసుకెళ్ళాను. మా సుబేదార్ మేజర్ నేర్పాడు. టోపీ తియ్యి, ఎదురుగా కూర్చో, చనిపోయాడు అనే మాట వాడు, డొంకతిరుగుడు మాటాడితే ఆ ఇల్లాలు ఏ ఆసుపత్రి అని అడుగుతాది అని. రెండుచోట్లా చెప్పాను. సొంత మనవరాలికి చెప్పలేకపోయాను. అమ్మ చుక్కయిందన్నాడు వాళ్ళ నాన్న. దేవుడి దగ్గరుందన్నాను నేను. మీరు పుస్తకాలు చదివినట్టున్నారు. పిల్లలకి ఏటి చెప్పాలని రాశారు?"

చాలా రాశారు. కొండల్లో ఒకచోట పిల్లలచేత కట్టె ముట్టించడం చూశాను, ఇంకోచోట ఏడాదిపాటు పిల్లల ముందు పోయినవాళ్ళ పేరే ఎత్తకపోవడం చూశాను. రెండుచోట్లా పిల్లలు ఏదో ఒకలా పెరిగారు. "నాకు తెలీదు సుబేదారు గారూ," అన్నాను. ఆయన తలూపాడు, ఆ సమాధానం పనికొచ్చినట్టే.

ఒడ్డున నురగ నిజంగానే ఉంది, గట్టు దాకా తెల్లగా, కంపు కొడుతూ. దాన్ని చూడ్డానికే వచ్చాను, నిలబడి చూసిన గుర్తు మాత్రం లేదు. నేహా మెట్టు తుడిచి, ఆకు దొన్నెలో పులిహోర పెట్టి, వెనక్కి జరిగి చేతులు జోడించింది. కరెంటు తీగ మీద కాకులున్నాయి. ఒక్కటీ దిగలేదు. ఒకటి మెడ వంచి మమ్మల్ని పరీక్షగా చూసింది. ఓ కుక్క వచ్చింది, బసవరాజు అదిలించాడు.

చాలాసేపయ్యాక పాప, కర్మనాడు పెద్దవాళ్ళు చేసినట్టే, ఒక అడుగు ముందుకు వేసింది. మాటివ్వడానికి.

"మమ్మీ, అబ్ ఫోన్ ఆయేగా తో ఝట్ సే ఉఠాఊఁగీ. 'బాద్ మే' నహీఁ బోలూఁగీ. ప్రామిస్."

ఇకమీదట ఫోనొస్తే వెంటనే తీస్తుందట, తర్వాత అని అనదట. నాకు అర్థం కాలేదు. బసవరాజుకి అర్థమైందని ఆయన మొహం చూశాక తెలిసింది.

ఆయన టోపీ తీశాడు. మెట్టు మీద, పాపకి ఎదురుగా, ఆమె కళ్ళ ఎత్తున కూర్చున్నాడు.

"నేహా, ఇటు చూడమ్మా. మీ అమ్మ చనిపోయింది."

"ముఝే పతా హై."

"నీకు తెలుసు. మేమే నీకు ఆ మాట చెప్పలేదు. చనిపోడమంటే ఒళ్ళు పనిచెయ్యడం మానీడం. ఇంక ఆకలుండదు, నొప్పుండదు. కోపముండదు. ఫోనూ రాదమ్మా. ఎంత తొందరగా తీద్దామనుకున్నా రాదు."

పాప తల అడ్డంగా ఊపింది. "పర్ ఆప్‌నే బోలా థా. కార్ మే." నువ్వే అన్నావు కదా, కారులో.

"అన్నాను. తప్పు అన్నాను. నా కూతురు పోయింది, నాకు బుర్ర పనిచెయ్యలేదు. కాకికి మీ అమ్మ ఎవరో తెలీదు."

"మైనే బాద్ మే బోలా థా, తాతా. కార్టూన్ దేఖ్ రహీ థీ." కార్టూన్ చూస్తూ 'తర్వాత' అన్నదట.

"ఆ రోజు ఆసుపత్రి నుంచి అమ్మ నీకు చేసినప్పుడు ఫోను పట్టుకున్నది నేనేనే. నువ్వు తర్వాత అన్నాక అమ్మ ఏటన్నాదో చెప్పనా? 'చూసుకోనీ నాన్నా, పొద్దున్న చేద్దాం' అని కళ్ళు మూసుకుంది. అలిసిపోయింది. పొద్దున్నకి ఒళ్ళు బాగా పాడైపోయింది, మాట్లాడలేకపోయింది. అది జబ్బు చేసిన పని. నువ్వు చేసింది కాదు."

"గుస్సా నహీఁ థీ?" కోపం లేదా అని.

"నేను పక్కనే ఉన్నాను. లేదు."

అప్పుడు ఏడ్చింది పాప. ఆయన 'ఊరుకో' అనలేదు. ఊరుకోబెట్టడానికి నేనొక అడుగు ముందుకు వేస్తే చేత్తో ఆపాడు. తనూ ఏడ్చాడు, నడుం నిటారుగానే ఉంచి.

ఏడుపు తగ్గాక ఆయన డబ్బా మూత తీసి మిగతా పులిహోర ముందుకు జరిపాడు. కాకి తినలేదని గుర్తుచెయ్యలేదెవరూ. నేహా ఒక ముద్ద తింది. మొహం చిట్లించింది. "నమక్ కమ్ హై."

"ఉప్పు చాల్లేదా? మీ అమ్మా ఇలాగే పేరెట్టీది," అని ఆయన తనూ ఓ ముద్ద తీసుకున్నాడు. నాకూ ఒకటి పెట్టాడు. నిజంగానే ఉప్పు తక్కువ.

తింటుంటే తీగ మీది కాకి ఒకటి దిగి, రెండు గెంతులేసి, దొన్నె అంచు పొడిచింది. పాప నమలడం ఆపి తాత వైపు చూసింది. మీ అమ్మే వచ్చిందని అప్పుడు అనేసినా తప్పులేదనిపించేంత సులువు.

"ఆకలేసుంటాది దానికి," అన్నాడు.

"హాఁ, భూఖా హోగా," అని నేహా తన చేతిలోంచి నాలుగు మెతుకులు విసిరింది.

తర్వాత చేతులు కడుక్కున్నారు. డబ్బా మూత పడింది. మెట్లెక్కుతూ పాప అడగడం మొదలుపెట్టింది, ఇన్నాళ్ళూ దాచుకున్నవన్నీ. కాల్చినప్పుడు మమ్మీకి నొప్పి పుట్టిందా? లేదమ్మా. పాపా కూడా చనిపోతాడా? ఎప్పటికో, అందరం పోతాం, ఇప్పుడే కాదు. మరి నువ్వు? నేను ముసలోణ్ణి కదా, ముందు నేనే. ఒకదాని వెంట ఒకటిగా హిందీలో ప్రశ్న, బొబ్బిలి తెలుగులో జవాబు. ఏ ప్రశ్నకీ ఆయన నడక ఆపలేదు, ఏ ప్రశ్ననీ దాటెయ్యలేదు.

టోపీ మెట్టు మీదే ఉండిపోయింది. "సుబేదారు గారూ, టోపీ!" అని అరిచాను. ఆయన వెనక్కి వచ్చి, నా చేతిలోంచి టోపీ తీసుకుంటూనే, "ఏటడిగావమ్మా, మళ్ళీ చెప్పు," అని పాప వైపు వంగి, నన్ను చూడకుండానే వెళ్ళిపోయాడు.