బాబీ తిన్న వేరుశనగ ఉండలు

2023 వేసవి. అమలాపురంలోని నా పెంపుడు జంతువుల క్లినిక్‌కి ఒక మధ్యాహ్నం ముమ్మిడివరం నుంచి రూతమ్మగారు, ఆవిడ భర్త ప్రకాశరావుగారు ఆటోలో వచ్చారు. ఇద్దరూ రిటైరైన టీచర్లు. వాళ్ల లాబ్రడార్ బాబీని బల్ల మీద పడుకోబెడితే తల కూడా ఎత్తలేకపోయింది.

రూతమ్మగారు సంచిలోంచి కుక్క బిస్కెట్ల ప్యాకెట్ తీసి, ముద్దాయిని అప్పగించినట్టు నా ముందు పెట్టారు. దాని వెనక 'టోకోఫెరాల్స్' అన్న పేరు చదివి భయపడి, అంతకు ముందు రోజే ఆ బిస్కెట్లు మాన్పించేశారట. ఆ విషమే ఇప్పుడు పైకి తేలిందని ఆవిడ నమ్మకం.

అది విటమిన్ ఇ. కొవ్వు పాడవకుండా కలిపే ప్రిజర్వేటివ్. ఆ మాట చెబుతూనే బాబీ రక్తం పరీక్ష చేశాను. షుగర్ ప్రమాదకరంగా పడిపోయి ఉంది.

"ఇవాళ ఏం పెట్టేరండీ?"

"నేను చేసిన వేరుశనగ ఉండలేనండి. కుక్కకి మంచిది కాదని పంచదార కూడా వెయ్యలేదు. మాస్టారి తీపి పొడి వేసేను."

మధుమేహం ఉన్న ప్రకాశరావుగారు ఆ పొడి లేకుండా టీ తాగరు. అందుకే దాని డబ్బా ఆయన జేబులోనే ఉంది. తీసి ఇచ్చారు. జైలిటాల్. మనుషులకు పంచదార బదులు పనికొస్తుంది. కుక్క ఒంట్లోకి వెళితే మాత్రం ఇన్సులిన్ ఒక్కసారిగా పెరిగి షుగర్ పడిపోతుంది, లివర్ కూడా దెబ్బతినవచ్చు.

వెంటనే డెక్స్‌ట్రోస్, అంటే గ్లూకోజ్ డ్రిప్ పెట్టాను. రూతమ్మగారు బాబీ కాలు పట్టుకుని, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ కూర్చున్నారు. ప్రకాశరావుగారు నన్ను పక్కకు పిలిచి, తను రోజూ తాగుతున్న టీ సంగతి ఏమిటని అడిగారు. భయం లేదన్నాను. ఆయన కాస్త తేరుకుని, భార్యకు వినబడకుండా, "ఆ ఉండలు నాకు ఒక్కటీ పెట్టలేదండి" అన్నారు.

సాయంత్రానికి బాబీ లేచి కూర్చుంది. ముందుగా చేసిన పని, బల్ల మీది బిస్కెట్ల ప్యాకెట్ కోసం మూతి చాచడం. లివర్ సంగతి తేలేదాకా క్లినిక్‌లోనే ఉంచుకుని, ఏ లోపమూ లేదని నిర్ధారించుకున్నాకే ఇంటికి పంపాను.

అప్పటినుంచి ఎవరు వచ్చినా ఏ ప్యాకెట్ కొంటున్నారని అడిగి ఊరుకోను. ఇంట్లో ఏం వండారు, అందులో ఏం కలిపారు అని కూడా అడుగుతాను. పలకడానికి నోరు తిరగని పేరు చూసి భయపడేవాళ్లు, చేతికి అలవాటైన డబ్బాను అనుమానించరు.

మొన్న రూతమ్మగారు ఫోన్ చేశారు. "బాబీకి కొబ్బరిముక్క పెట్టొచ్చాండీ? మా పెరట్లో కాయేనండి. ఎటు తిప్పి చూసినా పైన ఏమీ రాసి లేదు."

చిన్న ముక్క పెట్టమన్నాను.