పిడికెడు బియ్యం పండగ

నేను ఐదో తరగతి వరకే చదివాను. రాతలో తప్పులుంటాయి, ఏమీ అనుకోకండి.

మాది అనంతపురం. లారీలో కొబ్బరికాయల లోడు కోసం మలికిపురం వెళ్లినరోజు, అక్కడి దళితపేటలో చర్చి పండగ. వాళ్ల పెద్దలు పూటకో పిడికెడు బియ్యం దాచి, అవి అమ్మిన డబ్బుతో ఆ చర్చి కట్టుకున్నారట. ఇప్పటికీ ఏటా అలా దాచిన బియ్యమే వండి, ముందుగా బయటివాళ్లకు పెడతారు.

ఒక మామ్మగారు నన్ను ఆపి, "భోజనానికి కూర్చోండి బాబూ" అన్నారు.

మొహమాటంతో "ఆకలి లేదవ్వా" అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది.

"మా అమ్మ పెట్టినప్పుడూ బయటోళ్లు ఇదే మాట అనేవోరండి. మా చేతి అన్నం తినేవోరు కాదు."

గబుక్కున కూర్చున్నాను. తిని, మారు అడిగాను.

"ఆకలి లేదన్నారు కదండీ?" అని నవ్వారు.

"ఇప్పుడు ఆకలైతాందవ్వా."

మామ్మగారు నా మాట మన్నించి మళ్లీ వడ్డించారు. మీరూ నా తప్పులు మన్నించండి.