రాజేశం కాక ట్రంకు పెట్టెలో ఐపీఓలు

నిన్న పొద్దున జగిత్యాల బస్టాండ్‌లో టీ తాగుతుంటే చిన్నమ్మ ఫోన్.
"మీ కాక లేడు బిడ్డా..."

కోరుట్ల బస్సు ఎదురుగానే ఉంది. టీ గ్లాసు అక్కడే పెట్టేసి ఎక్కాను.

మొన్న ఆదివారమే కదా, నా రీసెర్చ్ పేపర్‌లో ఒక మిల్లు పేరు తప్పు పడిందని ఫోన్‌లో తిట్టాడు!

రాజేశం కాక మా నాన్న తమ్ముడు. సిరిసిల్లలో పవర్‌లూమ్ కార్మికుడు. తొంభైలలో మగ్గాలు ఆగిపోయి, ఇల్లు గడవక, చిన్నమ్మతో భీవండి వెళ్లిపోయాడు. అక్కడా పని లేని రోజులొచ్చాయి. అప్పుడు ముంబై ఫుట్‌పాత్ మీద నిలబడి, కొత్తగా షేర్లు అమ్మే కంపెనీల, అంటే ఐపీఓల, అప్లికేషన్ ఫారాలు పంచాడు.

ఒక్క షేరూ కొనలేదు. కానీ డబ్బుతో ఏం చేస్తారో, ఏ రిస్కులున్నాయో కంపెనీ రాసిచ్చే ప్రాస్పెక్టస్‌ను కంపెనీకొకటి దాచుకున్నాడు. కోరుట్లకు తిరిగొచ్చి స్థిరపడ్డప్పుడు వాటినీ వెంట తెచ్చుకున్నాడు.

ఈ సంగతి నాకు తెలియదు.

నా పీహెచ్‌డీ తొంభైలనాటి బట్టల మిల్లుల ఐపీఓల మీద. జనం డబ్బుతో ఏం చేస్తామన్నారు, ఏం చేశారు అన్నది ప్రశ్న. ఇప్పటి కంపెనీల డాటా ఒక్క క్లిక్‌తో వస్తుంది. అప్పటివి ఏ వెబ్‌సైట్‌లోనూ లేవు. సగం కంపెనీలే లేవు!
లైబ్రరీలన్నీ తిరిగాను. ఇక టాపిక్ మార్చుకోమన్నారు మా గైడ్. మూడేళ్ల పని పోయినట్టే.

ఆ దిగులుతోనే కోరుట్లలో ఒక పెళ్లికి వెళ్లాను.

"ఏందే, మొకం గట్ల పెట్టినవ్?" అన్నాడు కాక. చెప్పాను.
"ప్రాస్పెక్టస్‌లా? గవి నా దగ్గరున్నయ్ కదనే!"

పెళ్లి భోజనం కూడా చేయకుండా ఇంటికెళ్లి ట్రంకు తెరిచాం. ఏ ఏడాదివి ఆ ఏడాదికి నూలుతో కట్టలు కట్టి ఉన్నాయి. నా లిస్టులో ఒక్కటే తక్కువ. అది వంటింటి అరలో, పప్పు డబ్బాల కింద దొరికింది.
"మందం కాయిదమని పరిచిన" అంది చిన్నమ్మ.
నా థీసిస్‌లో ఆ పేజీ స్కాన్ మీద పసుపు మరక ఇప్పటికీ ఉంది.

ఎందుకు దాచావని అడిగితే నవ్వాడు.
"కంపెనీ ఎట్ల మునుగుతదో ముందుగాలనే రాసిస్తరే గిండ్ల. మేం భీవండికి పోయేటప్పుడు మాకెవలన్న గిట్ల రాసిచ్చిండ్రా? మంచిగనిపిచ్చి సదువుకుంట ఉంచుకున్న."

థాంక్స్ పేజీలో పేరు వేస్తానంటే ఒప్పుకోలేదు.
"థాంక్స్ ఒద్దు. డాటా ఏడ దొరికిందో, గాడ రాయి."

రాశాను. వైవాలో ఎగ్జామినర్ ఆ పేజీ దగ్గర ఆగి, "ఎవరీ రాజేశం?" అన్నారు.
నేను నోరు తెరిచేలోపే, నాతో వచ్చి వెనక బెంచీలో కూర్చున్న కాక లేచాడు.
"నేనే సార్. గీ ఫారాలు పంచింది నేనే."

తర్వాత ప్రశ్నలన్నీ కాకకే! ఏ కంపెనీకి జనం ఎగబడ్డారు, దేన్ని ముట్టుకోలేదు... అన్నీ చెప్పాడు. నేను పక్కన నిలబడ్డాను.
తిరుగు బస్సులో గర్వంగా అన్నాడు, "నిన్నేం అడగనేలేదు గదనే సారు!"

ఆ తర్వాత ఆ కట్టల కోసం ఎక్కడెక్కడి రీసెర్చ్ స్టూడెంట్సో కోరుట్ల రావడం మొదలైంది.

నిన్న అంత్యక్రియలయ్యి అందరూ వెళ్లాక, ఇక ఆ స్టూడెంట్స్‌ను రావద్దని చెప్పనా అని చిన్నమ్మను అడిగాను.
కళ్లు తుడుచుకుంది.
"ఎందుకే? రమ్మను. నాకు సదువు రాదు గని, ఏ కట్ట ఏడుందో నాకెరుకే."

పోయి రా కాకా.
నీ పానం సల్లగుండాలె.