రెండోసారి చదివించిన ప్రకటన

మా సంఘంలో ఆరాధన ముగిశాక ఒక పెద్దాయన ప్రకటనలు చదువుతారు. ఆయన మైకు ముందుకు వచ్చాకే ఎవరో ఒకరు కాగితం చేతిలో పెడతారు. అందులో ఏముంటే అది చదువుతారు. ఆలస్యంగా వచ్చి వెనక కూర్చున్న ముసలమ్మల కోసం మళ్ళీ చదువుతారు. సూటిగా రాయడం నేను అక్కడే నేర్చుకున్నాను.

సిద్దిపేటలో నేను పనిచేసే ఆఫీసు ప్రైవేటు బడుల కోసం మార్కులు ఎక్కించే యాప్ తయారుచేస్తుంది. ఎక్కించిన మార్కులు బడికి పంపేదాకా టీచరు ఫోన్‌లోనే ఉంటాయి. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా టీచర్లకు ప్రకటన రాయడం నా పని. ఒకసారి మొదటి వరుసలోనే, “ముందు మీ మార్కులు పంపండి. పంపకుండా అప్‌డేట్ నొక్కితే అవి పోతాయి” అని రాశాను. మా మేనేజరు దాన్ని అందరి ముందూ పాస్టరు గొంతు పెట్టి చదివి, చివర “ఆమేన్!” అన్నాడు. అందరూ నవ్వారు.

“ఏంది మేడం, గిది చర్చి అనుకున్నరా? పోతయ్ అని రాస్తే మన యాప్ ఎవడు కొంటడు?”

ఆ వరుస కొట్టేసి, “డేటా నిర్వహణలో మెరుగుదలలు” అని పెట్టాడు. ఆ నవ్వు నాకు ఆదివారం పాటల మధ్య కూడా వినిపించింది.

వారం తిరగకముందే గజ్వేల్ నుంచి ఫోన్. అప్పుడే ఉద్యోగంలో చేరిన టీచరమ్మ.

“మొత్తం పోయినయ్ అక్కా! రేపు పేరెంట్స్ వస్తున్రు. నన్ను తీసేస్తరేమో.”

మేనేజరుకు చెబితే, “గామెకు చదువు రాదా?” అన్నాడు. ఆమె మళ్ళీ జవాబు పత్రాలన్నీ ముందేసుకుని ఎక్కించింది. తిట్లూ పడింది.

పగ తీర్చడం ప్రభువు పని అని చిన్నప్పటి నుంచీ విన్నాను. ఈ ఒక్కటి మాత్రం నా చేతుల మీదుగా తీర్చమని మోకరించి అడిగాను.

తర్వాతి వెర్షన్‌కు కొత్త టీచర్లందరినీ సిద్దిపేట పిలిపించారు. మైకు మేనేజరుదే. ఎగతాళికి తప్ప, నేను రాసింది ముందుగా చదివే అలవాటు ఆయనకు లేదు. ఆయన లేచి నిలబడ్డాకే కాగితం అందించాను.

“ముందు మీ మార్కులు పంపండి. తర్వాతే అప్‌డేట్ నొక్కండి. పోయినసారి కూడా ఈ మాట రాసి ఉంది, కొట్టేసింది నేనే…”

గొంతు సన్నబడింది. ఆగిపోయాడు. వెనక వరుసలో గజ్వేల్ టీచరమ్మ లేచింది.

“సార్, ఈడికి ఇనబడ్తలేదు. జర గట్టిగ చదువుండ్రి!”

ఆయన నా వైపు చూశాడు.

“మొదటికెళ్లి చదువుండ్రి సార్,” అన్నాను. “మా చర్చిల గూడ రెండుసార్లు చదువుతరు.”

చదివాడు. ఈసారి పాస్టరు గొంతు రాలేదు. చివరిదాకా విని, “ఆమేన్” నేనన్నాను.