అమ్మ చిగుళ్ళు

ఉదయగిరి నుంచి ఆత్మకూరు పోయే, బొగ్గుతో నడిచే బస్సు ఎప్పటిలాగే నడిదారిలో ఆగింది. క్లీనరు బొగ్గు పొయ్యి రాజేస్తుంటే అందరం దిగి నీడలో కూలబడ్డాం. బస్సుకూ ఓపిక లేదు, నాకూ లేదు. పాతికేళ్ళకే నా చిగుళ్ళు వాచి రక్తం కారేవి, రెండు పళ్ళు కదిలేవి. రెండు పూటలా వేపపుల్లతో తోమినా మా అత్త నన్ను శుభ్రం తెలియనిదాన్ననేది. అనిపించుకుని అనిపించుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకునే మాట్లాడేదాన్ని.

పక్కన ఒక పెద్దామె చిన్న రోట్లో వక్కాకు దంచుకుంటోంది. ఏ ఊరని అడిగితే కొంగు చాటునుంచే చెప్పాను. ఆమె దంచడం ఆపి, నా కొంగు మెల్లగా పక్కకు తీసి చూసింది.

"అమ్మవా, నాయనవా?" అంది.

నాకర్థం కాలేదు.

"ఈ చిగుళ్ళు ఎవరివి అంటుండా. నావి మా నాయనవి. ముప్పై దాటకముందే పళ్ళన్నీ ఊడిపోయినాయి. ఉప్పు రుద్దినా, బొగ్గు రుద్దినా అంతే. పుల్ల ముట్టని మా ఇంటాయన ఇంకా చెరుకు నములుతుండాడు."

మా అమ్మ పోయేదాకా కొంగు చాటునే నవ్వింది. నేనది సిగ్గనుకున్నాను.

"అమ్మవి" అన్నాను.

ఆమె తలూపి, దంచిన వక్కాకులో సగం నా అరచేతిలో పెట్టింది. ఆత్మకూరులో దిగి వెళ్ళిపోయింది.

నా పళ్ళు ఎలాగూ నిలవలేదు. మొన్న మా అమ్మాయి నవ్వబోయి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. దగ్గరికెళ్ళి ఆ కొంగు తీశాను.

"మీ అమ్మమ్మవి" అన్నాను.